తప్పు ఆప్షన్లు ఎవరు రాస్తారు?

పది బిట్ల స్లిప్ టెస్టు, దశాంశాల మీద. ఏడో తరగతి, నలభై మంది. పిల్లలు బబుల్స్ నింపి ఇచ్చిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కదాని మీద ఫోన్ పట్టుకుంటూ పోయాను. మూలల్లో ఉన్న నల్ల గళ్ళు కెమెరాకు అందగానే టిక్కుమని చప్పుడు, తెర మీద మార్కు. ఆరు నిమిషాల్లో పని అయిపోయింది. ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు.

అందులో తొమ్మిది మార్కులు వచ్చిన ఒక అమ్మాయి ఉంది. చేయెత్తదు, అడిగితే తప్ప నోరు విప్పదు. ఆ తొమ్మిది చూసి ముచ్చటేసింది. మర్నాడు బోర్డు దగ్గరికి పిలిచాను, నలుగురిలో మెచ్చుకుందామని. "4.8, 4.63. వీటిలో ఏది పెద్దదో చెప్పమ్మా" అన్నాను. "4.8" అంది. ఎలా తెలిసిందని అడిగాను, ఊరికే, మాట వరసకు.

"పాయింట్ తర్వాత ఒక్కటే అంకె ఉంది కదా టీచర్. తక్కువ అంకెలుంటే అదే పెద్దది."

0.4, 0.57 రాసి ఏది పెద్దదన్నాను. తడుముకోకుండా 0.4 కింద గీత గీసింది. ఎందుకంటే ఇంకా బాగా చెప్పింది: "ఇది పదో వంతుల్లో ఉంది, అది వందో వంతుల్లో ఉంది. వందో వంతు చిన్న ముక్క కదా టీచర్."

వందో వంతు చిన్న ముక్కే. ఆ సంగతి నేనే చెప్పాను. ముక్క చిన్నదైతే మొత్తం కూడా చిన్నదే అయిపోతుందని ఆ పిల్ల అక్కడి నుంచి ఒక అడుగు ముందుకేసింది. నలభై మందిలో ఇంత ఆలోచించి తప్పు చేసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

నా బిట్ పేపరు మళ్ళీ తీసి చూసుకున్నాను. పోల్చమని ఇచ్చినవి ఐదు ప్రశ్నలు. ఐదింట్లోనూ తక్కువ అంకెలున్న సంఖ్యే పెద్దది. కావాలనే అలా ఇచ్చాను. 63 ఎక్కువ, 8 తక్కువ, కాబట్టి 4.63 పెద్దదనుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ళను పట్టుకోవడానికి వల వేశాను. వేసి మురిసిపోయాను. సరిగ్గా దానికి ఎదురు తప్పు చేసే పిల్ల ఆ వలలోంచి పూర్తి మార్కులతో నడిచి వెళ్ళిపోయింది. యాప్ లెక్క కచ్చితంగానే ఉంది. దానికి నేనిచ్చిన ప్రశ్నలే ఒంటికన్నువి.

## గీత మీద కరెంటు

మిషన్‌తో పేపర్లు దిద్దించాలనే కోరిక కొత్తదేం కాదు. 1930లలో అమెరికాలో రేనాల్డ్ జాన్సన్ అనే స్కూలు మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. పెన్సిల్ గీతలో ఉండేది గ్రాఫైట్, దాంట్లోంచి కరెంటు పారుతుంది. గీత పెట్టాల్సిన చోట పెడితే కరెంటు ప్రవహిస్తుంది, ముల్లు కదులుతుంది, మార్కు తెలుస్తుంది. చిన్నప్పుడు ఈయన కార్ల స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిల్‌తో గీతలు గీసి అవి స్టార్ట్ కాకుండా చేసేవాడని, ఆ అల్లరే ఈ ఆలోచనకు మూలమని చెబుతారు. ఐబీఎం ఆయన్నీ ఆయన ఆలోచననూ తీసుకుని 1938లో 805 అనే మిషన్‌ను అమ్మకానికి పెట్టింది. తర్వాత అదే మాస్టారు 1956 నాటి మొదటి హార్డ్ డిస్క్ తయారుచేసిన బృందానికి పెద్ద అయ్యాడు.

ఈ కథ నాకు ఇష్టం, మా వృత్తివాడు కాబట్టి. కానీ 805కీ నా ఫోన్‌కీ మధ్య ఎనభై ఏళ్ళకు పైగా దూరమున్నా, రెండూ అడిగే ప్రశ్న ఒక్కటే: గీత ఎక్కడ ఉంది? ఎందుకు అక్కడ ఉందన్నది అప్పుడూ ఇప్పుడూ వాటికి అక్కర్లేదు. అది మన పని. ఫోన్ వచ్చాక ఆ పని కూడా అయిపోయిందని మనం అనుకోవడం మొదలుపెట్టాం, అదీ నా గొడవ.

## "మీకు రెండు సెక్షన్లు, నాకు ఐదు"

ఈ మాట స్టాఫ్ రూమ్‌లో ఎత్తగానే ఒక చిన్న వయసు సహోద్యోగి ఫోన్ కింద పెట్టి నా వైపు తిరిగింది. "మేడమ్, మీకు రెండు సెక్షన్లు, నాకు ఐదు. సెక్షన్‌కి నలభై చొప్పున రెండొందల పేపర్లు. పేపరుకి నాలుగు నిమిషాలే వేసుకున్నా పదమూడు గంటలు దాటుతుంది. అదీ ఒక్క టెస్టుకి. మీరు పిల్లల ఆలోచన చదవమంటారు. నేను ఎప్పుడు పడుకోవాలి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ అమ్మాయి మొహమాటానికి అనని మాట ఇంకొకటుంది, అది నేనే చెప్పాలి. చేత్తో దిద్దితే న్యాయంగా దిద్దుతామన్నది కూడా మన భ్రమే. ఓసారి పాత కట్ట తిరగేస్తుంటే ఒకే లెక్కకు, ఒకే చోట ఆగిపోయిన జవాబుకు ఒకరికి మూడు, ఇంకొకరికి రెండు వేసినట్టు కనిపించింది. మొదటిది కట్టలో తొమ్మిదో పేపరు, రెండోది ముప్పై ఆరోది. ఈ రెండింటి మధ్య రాత్రి పదకొండు దాటి ఉంటుంది. దస్తూరి గుండ్రంగా ఉన్న పిల్లకు అర మార్కు ఎక్కువ పడటం, కిందటిసారి బాగా రాసినవాడి తప్పు "పోనీలే, అజాగ్రత్త" అయిపోవడం, గుండె మీద చెయ్యి వేసుకుని నేనెప్పుడూ చేయలేదని చెప్పగలిగే టీచర్ ఉంటే నాకు చూడాలని ఉంది. ఫోన్‌కు నిద్ర రాదు, మొహం తెలియదు.

ఫలితం వెంటనే చేతికి రావడం కూడా చిన్న విషయం కాదు. పది రోజుల తర్వాత పేపరిస్తే పిల్లలు టోటల్ చూసుకుని బ్యాగులో కుక్కేస్తారు. అప్పటికి పాఠం ఎక్కడికో పోయుంటుంది. ఈరోజు టెస్టు, ఈరోజే ఫలితం అంటే రేపటి పీరియడ్‌లో ఏం చెప్పాలో మార్చుకోవచ్చు. దిద్దడానికి పట్టే పదమూడు గంటల కన్నా ఈ పది రోజుల ఆలస్యమే పిల్లలకు ఎక్కువ చేటు చేస్తుందేమో అని కూడా నాకు అనుమానం.

కాబట్టి మిషన్ వద్దని నేను అనడం లేదు. దానికి తిండి ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతున్నాను.

## పిల్లల తప్పుకు కూడా సూత్రం ఉంటుంది

బిట్లు రాసేవాళ్ళందరికీ ఈ అవస్థ తెలుసు. ప్రశ్న రాయడం తేలిక, సరైన జవాబు ఇంకా తేలిక, మిగిలిన మూడు ఆప్షన్ల దగ్గరే చెయ్యి ఆగుతుంది. సరైన జవాబు 324 అయితే 314, 334, 325 పెట్టేసి ముందుకు వెళ్ళిపోతాం. అలాంటి ఆప్షన్లను ఏ పిల్లా ఎంచుకోదు, గుడ్డిగా నింపేవాళ్ళు తప్ప. 502లోంచి 178 తీసేయమంటే పిల్లలు రాసేది 476. ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు, ఏది పైన ఉందో ఏది కింద ఉందో చూడరు. 476 ఆప్షన్లలో ఉంటే, దాన్ని ఎంతమంది నింపారో చూసిన మరుక్షణం రేపు ఏం చెప్పాలో నాకు తెలిసిపోతుంది. 334ను నలుగురు నింపితే నాకేం తెలుస్తుంది?

తీసివేతలో పిల్లలు చేసే తప్పులు చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావని, వాళ్ళు ఒక తప్పు పద్ధతిని క్రమం తప్పకుండా పాటిస్తారని బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే చూపించారు. వాళ్ళ కంప్యూటర్ ప్రోగ్రామ్ పేరు బగ్గీ. పిల్లవాడి తప్పు జవాబులు చూసి వాడు ఏ తప్పుడు సూత్రం వాడుతున్నాడో కనుక్కోవడం అభ్యాసం చేయడానికి అది టీచర్లకు పనికొచ్చేది. గమనించండి, మార్కులు వేయడానికి కాదు.

దీని కన్నా ఐదేళ్ళ ముందు, 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ఒక పిల్లవాడి గురించి రాశాడు. ఆయన ఆ పిల్లవాడికి పెట్టిన పేరు బెన్నీ, వయసు పన్నెండేళ్ళు. వాళ్ళ క్లాసులో ఎవరి వేగంతో వాళ్ళు వర్క్‌షీట్లు చేసుకుపోవడం, కీ పెట్టి దిద్దించుకోవడం, 80 శాతం వస్తే తర్వాతి మెట్టు ఎక్కడం, ఇదీ పద్ధతి. బెన్నీ మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు, టీచర్ దృష్టిలో మంచి విద్యార్థి. ఎర్ల్‌వాంగర్ పక్కన కూర్చుని మాట్లాడితే బయటపడింది: 2/10 దశాంశంలో ఎంతంటే బెన్నీ 1.2 అంటాడు. పైదీ కిందదీ కూడితే 12, మధ్యలో ఒక చుక్క. 0.3కు 0.4 కలిపితే 0.07 అంటాడు. ప్రతిదానికీ ఒక సూత్రం చెబుతాడు. ఒకే జవాబును రెండు రకాలుగా రాయొచ్చని, కీ వాటిలో ఒకదాన్నే ఒప్పుకుంటుందని కూడా వాడికి అనుభవమైంది. దాంతో లెక్కలంటే కీ మనసులో ఏముందో ఊహించడమే అన్న అభిప్రాయానికి వచ్చేశాడు.

ఇది చదివిన వారంలోనే నాకు ఒకటి ఎదురైంది. టైప్ చేసి జవాబివ్వాల్సిన ఆన్‌లైన్ టెస్టులో ఒక కుర్రాడు 0.50 రాశాడు. కీలో 0.5 ఉంది. ఎర్ర ఇంటూ పడింది. వాడు గొడవ చేయలేదు, నన్ను అడగనూ లేదు. నోట్సులో మాత్రం ఒక వాక్యం రాసుకున్నాడు: "చివర సున్నా పెడితే తప్పు." ఆ కీ రాసింది నేనే. ఒక్క సున్నా విషయంలో నేను చూసుకోకపోవడం వల్ల వాడికి దశాంశాల్లో కొత్త సూత్రం ఒకటి పుట్టింది.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. డిజిటల్ పరీక్ష ఎంత పనికొస్తుందన్నది అందులోని తప్పు ఆప్షన్లు చెబుతాయి. మంచి తప్పు ఆప్షన్లు పిల్లల రఫ్ వర్క్‌లోంచే వస్తాయి. రఫ్ వర్క్ తెలిసేది చేత్తో పేపర్లు దిద్దినవాళ్ళకే. నా బిట్లలో కాస్తో కూస్తో పదును ఉందంటే పద్దెనిమిదేళ్ళు ఎర్ర పెన్నుతో కూర్చున్నందుకు. మొదటి ఏడాది నుంచే స్కాన్ చేసే టీచర్‌కు ఆ తప్పులు ఎక్కడ కనిపిస్తాయి? పాత టీచర్లు కూడబెట్టింది కొన్నాళ్ళు ఖర్చవుతుంది. ఆ తర్వాత?

రెడీమేడ్ ప్రశ్నల బ్యాంకులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కొన్ని చాలా బాగుంటాయి కూడా. కానీ "వందో వంతు చిన్న ముక్క కదా" అన్న మాట నా పాఠంలోంచి పుట్టింది, నేను ముక్కల బొమ్మ గీసి చెప్పిన తీరులోంచి. ఆ సందును ప్రశ్నల బ్యాంకు రాసినాయన ఎలా మూస్తాడు?

ఇంకో చిన్న లెక్క. పది బిట్లు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ప్రశ్న చదవకుండా కళ్ళు మూసుకుని నింపినా ఐదో అంతకన్నా ఎక్కువో రావడానికి దాదాపు 8 శాతం అవకాశం ఉంది. నలభై మందీ అలా నింపితే ముగ్గురు పాసైపోతారు. మరుసటి రోజు ఆ ముగ్గురినీ తెర మీద పచ్చరంగులో చూసి వదిలేస్తాం.

## ఫోటో తీసి ఇస్తే

బిట్లతో ఈ బాధంతా ఎందుకు, పిల్లలు చేత్తో రాసినదాన్నే ఫోటో తీసి ఏఐకి ఇచ్చేయొచ్చు కదా అని మీరు అనేలోపే నేనూ ఆ పని చేశాను. పేర్లు కనపడకుండా మడిచి, ముప్పై ఎనిమిది పేపర్లు. నిజం చెప్పాలంటే ఆశ్చర్యపోయాను. నేను టోటల్ తప్పు వేసిన రెండు పేపర్లు పట్టుకుంది. ఒక పిల్ల పుస్తకంలో లేని దారిలో చేసిన లెక్క సరైనదేనని చెప్పింది. ఆ పేపరు మీద నేను పెద్ద ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

ఆ తర్వాత ఒక కుర్రాడి పేపరు. లెక్క 2(x + 3) = 14. వాడు రెండో వరసలో రాసింది 2x + 3 = 14. మూడో వరస 2x = 8, చివర x = 4. జవాబు సరైనదే. కానీ రెండో వరసలోంచి మూడోది రాదు, అది పక్కవాడి కాగితంలోంచి వచ్చింది. ఏఐ ఆ పేపరును టైపు చేసి చూపించినప్పుడు రెండో వరసలో 2x + 6 = 14 అని ఉంది! అన్ని మెట్లూ సరిగ్గా ఉన్నాయంటూ పూర్తి మార్కులు వేసింది. కాగితం మీద 3 స్పష్టంగానే ఉంది, కొట్టివేత కూడా లేదు. అక్కడ ఏముండాలో దానికి బాగా తెలుసు, అందుకని ఉన్నదాన్ని చూడలేదు.

నాకు ఇది బాగా తెలిసిన జబ్బే. మన సొంత రాతలో అచ్చుతప్పులు మనకు కనపడవు, అదే ఇదీ. రేపటికి ఇవి బాగుపడవచ్చు, బహుశా బాగుపడతాయి. ఈరోజుకు మాత్రం పిల్లవాడు జారిన చోటును నాకు చూపించాల్సింది పోయి, అది వాడి తరఫున సర్దేసింది. కుండలీకరణం బయటి 2 లోపల ఉన్న రెండింటినీ గుణించాలన్నది వాడికి ఇప్పటికీ తెలియదు. చేత్తో దిద్దినప్పుడు నాకు ఆ 3 కనపడింది. కట్టలో అది ఐదో పేపరు. ముప్పై ఆరోదై ఉంటే? తెలియదు.

## మార్కు లేని ప్రశ్న

ఇన్ని అన్నాక కూడా ఫోన్ పక్కన పెట్టలేదు. వాడే చోటు మార్చుకున్నాను. ఇప్పుడు దాన్ని పరీక్ష అయ్యాక తీయను, పాఠం మధ్యలో తీస్తాను.

ప్లికర్స్ అనే పద్ధతిలో ప్రతి పిల్లకూ ఒక అట్ట ముక్క ఇస్తాం, దాని మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ. ఏ వైపు పైకి పట్టుకుంటే అది ఎ, బి, సి లేదా డి. ఒక్కో అట్ట మీద బొమ్మ వేరు కాబట్టి పక్కవాడిది చూసి పట్టుకోవడం కష్టం. టీచర్ ఫోన్‌తో క్లాసంతా ఒకసారి చూపిస్తే ఎవరు ఏమన్నారో వచ్చేస్తుంది. పిల్లల చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్" అని పాట పాడినట్టు వచ్చే జవాబుకు ఇది వెయ్యి రెట్లు నయం.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఇలాంటిదే చేస్తున్నాడు. పాఠం ఆపి ఒక ప్రశ్న ఇవ్వడం, అందరూ జవాబు చెప్పడం, సరిగ్గా చెప్పినవాళ్ళు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవాళ్ళతో వాదించుకోమనడం, మళ్ళీ అడగడం. ఇందులో క్లిక్కర్లు (బటన్ నొక్కి జవాబు పంపే చిన్న చేతి పరికరాలు) వాడినా మామూలు అట్టలు పైకెత్తినా పిల్లలు నేర్చుకున్నదాంట్లో తేడా కనిపించలేదని 2008లో ఒక అధ్యయనం వచ్చింది. అంటే పరికరం గొప్ప ఏమీ లేదు, ప్రశ్నలోనూ వాదనలోనూ ఉంది.

నేనూ 0.4, 0.57 ఇచ్చి చూశాను. మొదటిసారి సగం మంది సరిగ్గా చెప్పారు. మాట్లాడుకోమన్నాను. రెండోసారి దాదాపు అందరూ. సంతోషించబోతుంటే కిటికీ పక్క బెంచీలో ఒకడు ఇంకొకడితో "వాడు క్లాస్ ఫస్ట్ రా, వాడు బి పట్టుకున్నాడు" అనడం చెవిన పడింది. ఆ పెరిగిన ఓట్లలో ఎన్ని అర్థమై పెరిగాయో నాకు ఈరోజుకీ తెలియదు.

మార్కులు మాత్రం వీటికి ఇవ్వను, చూపించను. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి ఏం బాగుందో ఏం మార్చాలో రాసిన మాటలే ఇచ్చారు, కొందరికి రెండూ. మాటలు మాత్రమే అందుకున్నవాళ్ళు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్ళు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే మిగిలారు. మార్కు కనపడితే పక్కన రాసిన మాట చదవరన్నమాట. నొక్కిన మరుక్షణం మార్కు, మెరుపులు, సంగీతం, ఎవరు ముందున్నారో పట్టిక చూపించే ఆటలంటే నాకు జంకు అందుకే. ఒక పిల్ల నాకు రహస్యం చెప్పింది కూడా: "చదవకుండా నొక్కేస్తేనే ఎక్కువ పాయింట్లొస్తాయి టీచర్."

ఐదు సెక్షన్ల అమ్మాయితో కలిసి ఇప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి పాఠానికీ మొదట ఆప్షన్లు లేని టెస్టు ఒకటి, ఒక్క సెక్షన్‌కే. ఆ నలభై పేపర్లను ఇద్దరం పంచుకుని చేత్తో చూస్తాం. మార్కులు వేయం. తప్పులను ఒక నోట్సులో ఎక్కిస్తాం, ఏ తప్పు ఎంతమంది చేశారో గీతలు గీసుకుంటూ. మిగతా సెక్షన్లకు ఇచ్చే బిట్లలో ఆప్షన్లు ఆ నోట్సులోంచి వస్తాయి. వాటిని హాయిగా ఫోన్ దిద్దుతుంది. మొదటి రోజే ఆ అమ్మాయి ఒక పేపరు పట్టుకుని నవ్వుతూ లేచొచ్చింది. 1/2, 1/3 కూడి 2/5 రాసిన పిల్ల కింద చిన్న అక్షరాల్లో "రెండు టెస్టుల్లో వచ్చిన మార్కులు ఇలాగే కలుపుతారు కదా" అని రాసింది. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో ఇద్దరం అరగంట వాదించుకున్నాం. నిద్ర సంగతి మాత్రం ఇంకా తేలలేదు, నలభైలో సగమైనా ఇరవై పేపర్లే కదా.

దశాంశాల టెస్టు పోయిన వారం మళ్ళీ పెట్టాను, ఈసారి రెండు వైపులా వల వేసి. తొమ్మిది వచ్చిన అమ్మాయికి ఈసారి పది. దగ్గరికి పిలిచి ఎలా చేశావంటే, "సున్నా పెట్టుకున్నా టీచర్. 0.40, 0.57. ఇప్పుడు నలభై, యాభై ఏడు" అంది. ఎవరు చెప్పారంటే ట్యూషన్‌లో అంది. సున్నా పెడితే జవాబు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది, ముక్కల సంగతి బుర్రలో ఎలా ఉన్నా సరే.

కాగితం మీద ఒక పొడుగాటి గీత గీసి, ఒక చివర 0, ఇంకో చివర 1 రాసిచ్చాను. 0.4, 0.57 ఎక్కడుంటాయో పెట్టమన్నాను. గీతను పది భాగాలు చేసింది. నాలుగో గీటు దగ్గర 0.4 రాసింది. తర్వాత పెన్సిల్ ఐదో గీటుకూ ఆరో గీటుకూ మధ్య ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఈ సందును కూడా మళ్ళీ పది చేయాలా టీచర్?"

మొన బాగా చెక్కిన పెన్సిల్ ఇంకొకటి తీసిచ్చాను.